పొమరేనియనా, షిట్జూనా?

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటాను. మోకాళ్ల నొప్పులున్నాయి. తోడుగా పెంచుకోవడానికి పొమరేనియన్ మంచిదా, షిట్జూ మంచిదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీకు షిట్జూ నయమమ్మా. అయితే ఎండాకాలం పగలంతా దాన్ని ఏసీ గదిలో ఉంచగలగాలి.

పొమరేనియన్ తెలివైనదే, కానీ మహా చురుకు. లిఫ్టు చప్పుడైనా, కాలింగ్ బెల్ మోగినా మొరుగుతుంది. కాళ్లకు అడ్డం పడుతూ తిరుగుతుంది. మీ మోకాళ్లకు అది ప్రమాదం. పైగా మన దగ్గర ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అసలు పొమరేనియన్ 2, 3 కిలోలు మించదు.

షిట్జూ ఒళ్లో ఒదిగే జాతి. బరువు 4 నుంచి 7 కిలోలు. మొరగడం తక్కువ. రెండు పూటలా పావుగంట నడిపిస్తే చాలు. దాని చిక్కంతా చప్పిడి ముక్కుతోనే. ఒంట్లో వేడిని తేలిగ్గా బయటికి పంపలేదు. అందుకే పొద్దెక్కాక బయట తిప్పకండి. ఆగకుండా రొప్పుతూ, చిగుళ్లు బాగా ఎర్రబడితే వడదెబ్బేమోనని అనుమానించాలి. వెంటనే చల్లటి నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చూస్తూ పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.

జుట్టు పొట్టిగా కత్తిరించండి. కళ్లు రోజూ తడిగుడ్డతో తుడవండి. మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి.

వీలైతే పిల్లను కాకుండా రెండేళ్లు దాటిన కుక్కను తెచ్చుకోండి. దాని స్వభావం ముందే తెలుస్తుంది. మీరు ఊరెళ్తే ఎవరు చూస్తారో కూడా ఇప్పుడే మాట్లాడిపెట్టుకోండి.