కేంద్రక విజ్ఞానమున విద్యార్థి పరిశోధనా పురస్కారములు

1909వ సంవత్సరమున మాంచెస్టరు విశ్వవిద్యాలయమున, పట్టము నింకను చేతబట్టని యిరువదేండ్ల విద్యార్థి ఎర్నెస్టు మార్స్‌డెనునకు ఆచార్య రూథర్‌ఫర్డు ఒక చిన్న పని యప్పగించెను: లోహపు రేకును తాకిన ఆల్ఫా కణములలో వెనుకకు మరలివచ్చునవి యేమైన గలవో చూడుమని. రూథర్‌ఫర్డు సహాయకుడగు గైగరుతో గూడి, చీకటి గదిలో సూక్ష్మదర్శిని యెదుట గూర్చుండి, జింకు సల్ఫైడు తెరపై మినుకుమను మెఱుపుల నొక్కటొక్కటిగా లెక్కించిన యా యువకుడు, ప్లాటినము విషయమున ఇంచుమించు 8,000 కణముల కొకటి వెనుదిరుగుచున్నదని కనుగొనెను. 1911లో రూథర్‌ఫర్డు ప్రకటించిన పరమాణు కేంద్రక సిద్ధాంతమునకు ఆ లెక్కయే యాధారమయ్యెను. పుట్టుకనుండియు విద్యార్థుల చేతిపనికి ఋణపడిన శాస్త్రమిది. కనుక ఈ రంగమున విద్యార్థి పరిశోధనకై ప్రత్యేక పురస్కారము లేర్పడుట యెంతయు సముచితము.

వానిలో పేరెన్నికగన్నది అమెరికన్ న్యూక్లియర్ సొసైటీ యొసగు మార్క్ మిల్స్ పురస్కారము. 1958లో ఎనివెటాక్ పగడపు దీవులయొద్ద హెలికాప్టరు ప్రమాదమున మరణించిన భౌతికశాస్త్రజ్ఞుని పేర వెలసిన యీ గౌరవము, స్నాతకోత్తర విద్యార్థి రచించిన యుత్తమ సాంకేతిక పత్రమునకు లభించును. కేంద్రక సాంకేతిక పరిశోధనకై అమెరికా ఇంధన శాఖవారు విద్యార్థుల కొసగు పురస్కారములకు అచ్చటి విశ్వవిద్యాలయములలో జదువు విద్యార్థుల పత్రములే ప్రాతిపదిక. పట్టపు చదువులోనున్న వారికి సైతము వేఱు విభాగము గలదు. ఉన్నతవిద్యకై ఆ దేశమునకేగు మన యువకులు కంప్యూటరు శాస్త్రము వంకకే గుంపుగా నడచుచుండగా, ఈ ద్వారముకడ నిలుచు తెలుగు విద్యార్థులు విరివిగా కానరాకుండుట నాకు మిక్కిలి వెలితిగా దోచును. అయితే దరఖాస్తునకు ముందు అర్హతా నిబంధనలను శ్రద్ధగా జదువుకొనవలెను.

మన దేశమున అణుశక్తి శాఖ యాధ్వర్యవమున జరుగు కేంద్రక భౌతికశాస్త్ర సదస్సులో ఉత్తమ సిద్ధాంతవ్యాసమునకు బహుమాన మీయబడును. విద్యార్థినులకు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2020లో నెలకొల్పిన మేరీ స్క్లొడోవ్‌స్కా-క్యూరీ ఉపకారవేతనము వేఱొక యాలంబనము. ఇది స్నాతకోత్తర విద్యకు ఏటా గరిష్ఠముగా 20,000 యూరోల వఱకు ఇచ్చుటయేగాక ప్రయోగశాలలలో శిక్షణావకాశమును గూడ కల్పించును.

ఇక ముఖ్యవిషయము. పురస్కారములన్నియు పత్రమును జూచును. పత్రము కొలతనుండి పుట్టును. కాబట్టి విద్యార్థి వెదుకవలసినది తన యందుబాటులోనుండు ఒక చిన్న ప్రశ్నను. అట్టి ప్రశ్నలకు మన నేల గొడ్డువోలేదు. భీమునిపట్టణపు సముద్రపుటిసుకలో థోరియము గల మోనజైటు కలదు. కడప జిల్లాలో తుమ్మలపల్లెకడ యురేనియపు గని కలదు. ఒక దోసెడు ఇసుకను దెచ్చి, ఆరబెట్టి, డబ్బాలో గాలి చొరకుండ మూసి, నాలుగు వారములు కదపక యుంచినచో, లోపల జనించు రాడాన్ వాయువును దాని సంతతియు మూలధాతువుతో సమతౌల్యము నందును. పిమ్మట గామా వర్ణపటమాపకముపై నుంచిన, 2,614 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకడ థోరియపు శ్రేణికి జెందిన థాలియము-208 రేఖయు, 1,764 కడ యురేనియపు శ్రేణికి జెందిన బిస్మతు-214 రేఖయు, 1,460 కడ పొటాసియము-40 రేఖయు గోచరించును. ఖాళీ డబ్బాను అంతే కాలము లెక్కించి పరిసర వికిరణమును తీసివేయక, దోషపరిమితిని ప్రతి యంకె ప్రక్కను వ్రాయక యిచ్చిన ఫలితము, ఎంత యందమైన పటములతో గూడియున్నను, పరీక్షకుని కంటికి నిలువదు. ఎదురుచూడని ఫలితము వచ్చినపుడు దానిని చెఱిపివేయు తొందర మఱింత ప్రమాదకరము. రుడాల్ఫ్ మాస్‌బవర్ తన డాక్టరేటు పరిశోధనలో, ఇరిడియమును శీతలపఱచిన గామా కిరణముల శోషణము తగ్గునని యెంచగా అది హెచ్చెను. ఆ విపర్యయమును విడువక వెంటాడినందుననే 1961లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

పరికరములు లేవను నిరాశ కొంతవఱకే న్యాయము. కణముల గమనమును గణించు జియాంట్4, ఓపెన్‌ఎంసీ అను కంప్యూటరు కార్యక్రమములు ఉచితముగా లభించును. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటరు విశ్వవిద్యాలయ పరిశోధకులకై స్థాపింపబడినదే. గొరగనమూడిలో జన్మించి, సన్న్యసించి, ప్రేగ్ నగరమున ఎక్స్ కిరణములపై పరిశోధన జేసిన స్వామి జ్ఞానానంద విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పిరి. ఆ వారసత్వము మనయందే యున్నది.

ఇట్టి స్వయంకృషి పురస్కారములకే గాక ఉద్యోగమునకును తోడ్పడును. ఆ విషయమున, 1957లో ఆరంభమైన భాభా అణు పరిశోధన కేంద్రపు శిక్షణాలయము ప్రధాన మార్గము; ప్రవేశపరీక్ష గాని గేట్ అంకములు గాని ముఖాముఖి వఱకు గొనిపోవును, ఆ మీదట స్వయముగా చేసిన పని యొక్కటియున్నను సంభాషణ దానిచుట్టు దిరుగును. హైదరాబాదుననే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు, ఈసీఐఎల్, అణు ఖనిజ సంచాలక కార్యాలయము గలవు. లోహశాస్త్ర, రసాయన, భూగర్భశాస్త్ర విద్యార్థులకు సైతము చోటు గలదు. కావున స్నాతకోత్తర విద్యలో రెండవ సంవత్సరపు ప్రాజెక్టు నేడు చేయుచున్నవారు దానిని కళాశాల బీరువాలో బెట్టక, రెండు పుటలకు కుదించి, కేంద్రక భౌతికశాస్త్ర సదస్సునకు బంపవలయును. అచ్చట విద్యార్థులు సమర్పించు పత్రముల పరిమితి రెండు పుటలే.