గడప దాటనివ్వని భయం



కొందరు బజారుకు వెళ్ళాలన్నా, బస్సెక్కాలన్నా, జనంలో నిలబడాలన్నా విపరీతంగా భయపడతారు. గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఆడదు, ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. జుమా నమాజులో తలుపు పక్కనే నిలబడతారు. చివరికి అదీ మానేస్తారు. వైద్యులు దీనిని అగోరాఫోబియా అంటారు. 1871లో జర్మన్ వైద్యుడు వెస్ట్‌ఫాల్ ఈ పేరు పెట్టారు. గ్రీకు భాషలో 'అగోరా' అంటే జనం కూడే అంగడి.

ఇది ఈమాన్ లోపమా? కాదు. మాంత్రికుల తాళ్ళను చూసి హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మనసులో భయపడ్డారని దివ్య ఖుర్ఆన్ (20:67) తెలుపుతోంది. ప్రవక్తకే భయం కలిగినప్పుడు, రోగిని 'నీకు తవక్కుల్ లేదు' అని నిందించడం ఎంతవరకు న్యాయం?

ఈ వ్యాధి ఎలా ముదురుతుంది?

భయపడిన చోటికి వెళ్ళడం మానేస్తే వెంటనే ఊరట కలుగుతుంది. ఆ ఊరటే అసలు ఉచ్చు. 'వెళ్ళలేదు కాబట్టే బతికాను' అని మనసు నమ్ముతుంది. నేడు బజారు, రేపు వీధి, ఎల్లుండి గడప దూరమవుతాయి. ఈ వ్యాధి స్త్రీలలో ఎక్కువ. 'మా కోడలు గడప దాటదు' అని మెచ్చుకుంటాం; అది హయా వల్లనా, భయం వల్లనా అని ఒక్కసారైనా అడిగామా?

చికిత్స ఏమిటి?

అల్లాహ్ ప్రతి రోగానికీ నివారణ ఉంచాడని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు (బుఖారీ). కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు ప్రియమైనదని కూడా బోధించారు (బుఖారీ, ముస్లిం). ఈ చికిత్సకు అదే మార్గం. మొదట గుమ్మం బయట ఐదు నిమిషాలు, తర్వాత వీధి చివరి వరకు, ఆపై జనం తక్కువగా ఉండే వేళ మస్జిద్‌కు, చివరికి జుమాకు. మొదట తోడుతో, తర్వాత ఒంటరిగా. భయం పుట్టినా పరుగెత్తి రాకూడదు. అది తగ్గే వరకు అక్కడే నిలవాలి. ఇంటి నుండి బయలుదేరే దుఆ చదవాలి, అడుగూ వేయాలి. ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయడమంటే ఇదే (తిర్మిజీ).

తాయెత్తుల కోసం తిరుగుతూ కాలయాపన చేయకండి. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహం, మనసు రెండింటి ఆరోగ్యం గురించి ఒకే గ్రంథంలో రాశారు. మానసిక వైద్యుణ్ణి కలవండి. మందులు రాస్తే వాడండి, సొంతంగా ఆపకండి. ప్రభుత్వ టెలిమానస్ ఫోన్ నంబరు 14416 ఉచితం.

మస్‌అలా: వ్యాధి వల్ల నిజంగా వెళ్ళలేని వ్యక్తికి జుమా విధి కాదు, ఇంట్లో జుహ్ర్ చేసుకోవాలి. అయితే ఈ మినహాయింపు చికిత్స మానుకోవడానికి అనుమతి కాదు.

అల్లాహ్ భయగ్రస్తులకు స్వస్థతను, వారి కుటుంబీకులకు సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.