చలిని ఓర్చే కణత్వచం

శీతకాలపు ఉదయాన సీసాలోని కొబ్బరినూనె గడ్డకట్టి ఉంటుంది; దాని పక్కనే ఉన్న నువ్వులనూనె ద్రవరూపంలోనే ఉంటుంది. రెండూ కొవ్వు పదార్థాలే అయినా వాటి నిర్మాణంలో భేదం ఉంది. కొబ్బరినూనెలో అధికంగా ఉండే సంతృప్త కొవ్వు ఆమ్లాల గొలుసులు తిన్ననివి. అవి ఒకదానికొకటి దగ్గరగా ఒదిగి గట్టిపడతాయి. నువ్వులనూనెలో ఎక్కువగా ఉండే అసంతృప్త ఆమ్లాల గొలుసులు ద్విబంధం ఉన్నచోట వంగి ఉండడంచేత అంత దగ్గరగా ఒదగలేవు.

ఈ భేదమే అనేక కీటకాలకు శీతకాలంలో ప్రాణాధారమవుతుంది. మానవదేహం తన ఉష్ణోగ్రతను తానే నిలుపుకుంటుంది. కీటకాలలో అధికభాగానికి ఆ శక్తి లేదు; పరిసరాలతోపాటు వాటి దేహమూ చల్లబడుతుంది. ప్రతి కణాన్నీ ఆవరించి ఉండే త్వచం ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వుల రెండు పొరలతో ఏర్పడినది. అందులో ఇమిడిన ప్రోటీన్లు సోడియం, పొటాషియం అయాన్లను లోపలికీ వెలుపలికీ చేరవేస్తాయి. త్వచం బిగుసుకుంటే ఆ పని కుంటుపడి, నాడులూ కండరాలూ దెబ్బతింటాయి. కనుకనే దేహంలోని నీరు గడ్డకట్టకముందే ఎన్నో కీటకాలు చలికి మరణిస్తాయి.

ఈ ప్రమాదాన్ని తప్పించుకొనే మార్గం కొవ్వు ఆమ్లాల పాళ్లను మార్చుకోవడమే. ఇటువంటి సర్దుబాటును 1974లో సినెన్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు బాక్టీరియాలలో వివరించాడు. కీటకాలలో దీనికి మాంసపు ఈగ మంచి నిదర్శనం. వెచ్చదనం నుండి ఒక్కసారిగా తీవ్రమైన చలికి గురైన ఈగలు మరణిస్తాయనీ, ముందుగా స్వల్పకాలం మితమైన చలిలో ఉంచితే అదే తీవ్రతను తట్టుకోగలవనీ 1987లో అమెరికాలో లీ, చెన్, డెన్లింగర్ వెల్లడించారు. అటువంటి ఈగల కణత్వచాలలో ఓలియిక్ ఆమ్లం పాలు పెరుగుతుందని 2006లో మిషో, డెన్లింగర్ చూపారు. శీతకాలం గడిపే ప్యూపాలలోనూ ఇదే మార్పు కనిపించింది.

ఓలియిక్ ఆమ్లంలో ఉన్నది ఒకే ఒక ద్విబంధం. త్వచం గట్టిపడడం ఎంత ప్రమాదమో, అతిగా పలుచబడడమూ అంతే ప్రమాదం. అప్పుడు అయాన్లు అదుపు తప్పి కారిపోతాయి. కావలసినది ఈ రెండింటి నడుమ సమతౌల్యం.

ఇంతకంటె విశేషం మరొకటి ఉంది. ఈ ఈగ సుప్తావస్థకు సంకేతం చలి కాదు, తగ్గుతున్న పగటికాలం. తల్లి గర్భంలోని పిండదశలోనే, ఆపై లేత డింభకదశలోనూ ఆ సంకేతం అందుతుంది. చలి రాకముందే దేహం సిద్ధపడుతుంది. సిద్ధపడేందుకు వ్యవధి దొరికిన ప్రాణికి హేమంతం ఒక ఋతువు మాత్రమే; దొరకని ప్రాణికి అదే అంత్యకాలం.