వ్యవసాయ పట్టాకు కళాశాలను ఎంచుకొనుట

విత్తనము కొనునపుడు సంచిపై బొమ్మను కాక మొలక శాతమును చూచెదము. బిడ్డకు కళాశాలను ఎంచునపుడును అంతే.

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు రైతులకు దాపున అశ్వారావుపేటలో ప్రభుత్వ వ్యవసాయ కళాశాల ఉన్నది. ఇది ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినది. ఇంటరులో బై.పి.సి. చదివి, ఈఏపీసెట్‌లో తగిన ర్యాంకు పొందినవారికి సీటు లభించును. కావున పదవ తరగతి ముగియగానే ఈ దారి నిశ్చయించుకొనవలెను.

ర్యాంకు చాలక ప్రైవేటు కళాశాలను చూచువారు మూడు సంగతులు విచారించవలెను.

1. గుర్తింపు: భారత వ్యవసాయ పరిశోధనా మండలి గుర్తింపు కలదా? దాని గడువు తీరలేదు గదా? లేనిచో పై చదువులకు చిక్కులు కలుగవచ్చును.

2. పొలము: విద్యార్థులు స్వయముగా సాగుచేయు భూమి, ప్రయోగశాలలు కలవా? చివరి సంవత్సరమున వారిని పల్లెలకు పంపి రైతులతో పని చేయింతురా? వెళ్లి కన్నులార చూడుడు.

3. ఖర్చు: మొదటి యేటి ఫీజు చాలదు. నాలుగేండ్ల ఫీజు, హాస్టలు, భోజనము, పుస్తకములు, ప్రయాణము కలిపి లెక్కకట్టుడు.

కుల, ఆదాయ ధ్రువపత్రములు సకాలమున అందునట్లు గ్రామాధికారులు తోడ్పడవలెను. ఒక్క పత్రము ఆలస్యమైనచో ఉపకార వేతనము తప్పిపోవచ్చును. పొలము తాకట్టు పెట్టకముందే ఈ లెక్కలన్నియు చూచుకొనుడు.