భానుమతి గారి రెండో విద్య

సినిమాల్లోకి వెళ్తామని వచ్చే పిల్లలు ముందు ఫొటోలు తీసి చూపిస్తారు. వాటిని పక్కన పెట్టి, 'నటన కాక ఇంకేం వచ్చు?' అని అడిగితే ముఖం చిన్నబుచ్చుకుంటారు. వాళ్లకు నేను నటి భానుమతి గారి సంగతి చెబుతుంటాను.

1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారామె. తొలి సంగీత గురువు నాన్నే. 1939లో సి.పుల్లయ్య తీసిన 'వరవిక్రయం'లో కాళింది వేషం వేసేనాటికి ఇంకా చిన్నపిల్ల. ప్లేబ్యాక్ పాతుకుపోని రోజులవి, గొంతున్నవాళ్లకే గిరాకీ. తర్వాత పాట రాని తారలకూ దారి తెరుచుకుంది. అయినా 'స్వర్గసీమ' నుంచి 'మల్లీశ్వరి' దాకా ఈవిడ పాటలు ఈవిడవే.

ఇక్కడితో ఆగితే మంచి నటి అనుకుని ఊరుకునేవాళ్లం. 1947లో భర్త రామకృష్ణారావుతో కలిసి భరణి పిక్చర్స్ పెట్టారు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తానే డైరెక్ట్ చేశారు, హీరోయినూ తానే. మరుసటి ఏడాది 'చక్రపాణి' సినిమాకి సంగీతం కట్టారు. ఇవి చాలవన్నట్టు 'అత్తగారి కథలు' రాశారు. సినిమా చూడనివాళ్లు కూడా అవి చదివి నవ్వుకున్నారు.

విజయావారి 'మిస్సమ్మ'లో మొదటి కథానాయిక ఈవిడే. కొంత షూటింగ్ అయ్యాక నిర్మాత చక్రపాణితో పొసగలేదు. ఆ వేషం సావిత్రికి వెళ్లింది. 1955లో సినిమా వచ్చాక సావిత్రి దశే తిరిగింది. భానుమతికి పొగరని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఉండొచ్చు. ఉద్యోగం మొహాన కొట్టి రమ్మని నేనెవరికీ చెప్పను. కానీ ఆ పొగరు వెనకున్న లెక్క చూడండి. సొంత బ్యానరుంది, గొంతుంది, కలముంది. ఒక వేషం పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోదు. వేరే ఆధారం లేని అమ్మాయికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

చదువుకునే చోట్ల సంగతికొస్తే, ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమా ఉంది. డిగ్రీతో పాటు నాటకాల అనుభవమూ అడుగుతారు. పుణె ఎఫ్‌టీఐఐలో స్క్రీన్ యాక్టింగ్ నేర్పుతారు. అంత దూరం వద్దనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ పీజీ చేయొచ్చు. ఎక్కడ చేరినా పక్కన ఇంకో పని పట్టండి: డబ్బింగో, ఎడిటింగో, డైలాగులు రాయడమో. ఆడిషన్‌కీ ఆడిషన్‌కీ మధ్య నెలల తరబడి ఖాళీ వస్తుంది. ఆ రోజుల్లో హాస్టల్ ఫీజు కట్టించేది ఆ రెండో పనే.

అరవైకి దగ్గరపడ్డాక, 1984లో, 'మంగమ్మగారి మనవడు'లో ఆ మంగమ్మ భానుమతి గారే. చెన్నైలో తమిళనాడు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపల్‌గానూ పనిచేశారు. ఆ కుర్చీలో ఆవిణ్ణి కూర్చోబెట్టింది చిన్నప్పుడు నాన్న చెప్పిన పాఠం.