పుదీనాను దంచకండి

ప్రశ్న: ఉగాదికి వచ్చిన స్నేహితుల కోసం ఇంట్లో మోజిటో చేశాను. పుదీనా, నిమ్మముక్కలు కలిపి బాగా దంచి వేసినా చేదుగా, నీళ్లనీళ్లగా వచ్చింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ‘బాగా దంచి’ అన్నారే, చిక్కంతా అక్కడే ఉంది. పుదీనా సువాసన ఆకు పైనున్న సన్నని నూనె తిత్తుల్లో ఉంటుంది. ఆకును అరచేతిలో పెట్టి ఒక్క చరుపు చరిస్తే చాలు, ఘుమ్మంటుంది. రోట్లో పచ్చడిలా నూరితే ఆకులోని పసరు చేదు దిగుతుంది. నిమ్మతొక్క కింది తెల్లపొరదీ అదే గుణం. అందుకే ముక్కలు వేయకుండా, అప్పటికప్పుడు పిండిన రసమే వాడండి.

చల్లటి పానీయంలో పంచదార కరగక అడుగున మిగిలిపోతుంది. పంచదార, నీళ్లు సమంగా వేడిచేసి పాకం చేసి చల్లార్చుకోండి.

క్యూబాలో పుట్టిన ఈ పానీయానికి గ్లాసుకు 45 మి.లీ. తెల్ల రమ్ము, 20 మి.లీ. నిమ్మరసం, అంతే పాకం, పది పుదీనా ఆకులు సరిపోతాయి. ఐసు పెద్ద ముక్కలుగా, గ్లాసు నిండా వేయండి. చిన్న ముక్కలైతే త్వరగా కరిగి రుచి పలచబడుతుంది. సోడా చివర్లో పోసి, చెంచాతో ఒక్కసారి తిప్పండి. రమ్ము మానేసినా రుచికి లోటుండదు, ఇంటిల్లిపాదీ తాగొచ్చు.

గర్భిణులు, బండి నడపాల్సినవారు రమ్ము ముట్టకూడదు. షుగరు, బీపీ, కాలేయం మందులు వాడేవారు ముందే డాక్టరును అడగాలి. తాగాక ఎవరికైనా చూపు మసకబారినా, ఆగని వాంతులైనా, ఊపిరాడకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.