ముందు పేర్లు, తర్వాతే ట్యాబ్

అలంపూర్ గుళ్ల ఫొటోలు, శాసనాల నకళ్లు కంప్యూటర్లో సర్దుకునే పెద్దవాణ్ణి. మౌసుతో వెతకడం నాకు విసుగు. టెర్మినల్లో ట్యాబ్ మీట నొక్కితే పేరు దానంతటదే పూర్తయ్యేలా చేసుకోవాలనుకునే పిల్లలకు ఈ ఏడు మాటలు.

1. ముందు పేర్లు దిద్దుకోండి. మన నవబ్రహ్మలు తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. గుడికో ఫోల్డరు, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో. వాటిని తెరవడానికి ‘గుడి’ అనే చిన్న కమాండ్ రాసుకున్నాను. దాని పక్కన ‘జీ’ కొట్టి ట్యాబ్ నొక్కితే గరుడ పూర్తిగా పడుతుంది. ఏడు గుళ్లకు ఒక్క అక్షరం చాలు. వీర, విశ్వల దగ్గరే పేచీ: ‘వీ’ కొడితే ‘ఐ’ వరకు నింపి ఆగుతుంది, మళ్లీ రెండుసార్లు నొక్కితే రెండు పేర్లూ చూపిస్తుంది. అదే ‘బ్రహ్మ’ను ముందు పెట్టి ఉంటే తొమ్మిదింటికీ అక్కడే ఆగేది. తేడా చూపే ముక్క ముందుండాలి.

2. జాబితా చేత్తో రాయకండి. బాష్ షెల్‌లో ‘కంప్లీట్’ కమాండ్‌కు క్యాపిటల్ డబ్ల్యూ ఆప్షన్ ఇచ్చి, ఫోల్డర్ల పేర్లు చదివే కమాండ్‌ను అందులో పెట్టండి. డబుల్ కోట్స్‌లో పెడితే ఆ పూట ఉన్న పేర్లే మిగులుతాయి. సింగిల్ కోట్స్‌లో పెడితే ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ కొత్తగా చదువుకుంటుంది. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి తరలించి ఇక్కడ కట్టిన కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశి గుళ్లు తర్వాత చేర్చాను. సెట్టింగ్ ముట్టుకోలేదు. పద్మకైతే ఇప్పుడు మూడు అక్షరాలు కొట్టాలి, పాపనాశి అడ్డొచ్చింది మరి!

3. గుడి పేరు తర్వాత శాసనాలా, శిల్పాలా అని రెండో మాట కూడా అడగాలంటే ఫంక్షన్ రాయాలి. 2000లో వచ్చిన బాష్ 2.04 నుంచే ఈ వసతి ఉంది. ట్యాబ్ నొక్కేదాకా టైపు చేసిన మాటలను షెల్ మీ ఫంక్షన్‌కు అందిస్తుంది, వాటికి సరిపడే జవాబులను ‘కాంప్‌రిప్లై’లో పెట్టాలి. వడకట్టే పని మీదే, ‘కాంప్‌జెన్’ తోడుంటుంది.

4. ఆ ఫంక్షన్ తెర మీద ఏదీ రాయకూడదు, ఏ ఫైలునూ మార్చకూడదు. ట్యాబ్ నొక్కినవాడు అడుగుతున్నాడు, ఆజ్ఞ ఇవ్వడం లేదు. నెట్‌లోకి వెళ్లి వెతికి తెచ్చే ఫంక్షనూ వద్దు, వేలు పైకెత్తేలోపు జవాబు రావాలి.

5. పేర్లలో ఖాళీలు వద్దు, హైఫన్ పెట్టండి.

6. చెరిపేసే కమాండ్‌లకు నేను సొంత ట్యాబ్ జాబితా పెట్టను. అక్కడ పేరంతా చేత్తో కొట్టడమే మంచిది.

7. ఇదంతా హోమ్‌లోని డాట్ బాష్‌ఆర్‌సీ ఫైల్లో రాయండి, లేకపోతే టెర్మినల్ మూయగానే పోతుంది. రాశాక కొత్త టెర్మినల్ తెరిచి, మీ ఫోల్డర్లలో ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్ల దగ్గర ముందుగా ట్యాబ్ నొక్కి చూడండి.